అత్రాఫె బల్దా

హైదరాబాదు చుట్టూ ఉన్న నేలకి ఒకప్పుడు ఒక పేరుండేది. అత్రాఫె బల్దా. బల్దా అంటే పట్నం, అత్రాఫ్ అంటే చుట్టుపక్కల. పట్నం చుట్టుపక్కల జిల్లా అన్నమాట. మున్సిపాలిటీని ఇప్పటికీ బల్దియా అని పిలిచే తెలంగాణ జనానికి ఈ మాట అంత కొత్తదేం కాదు. కానీ మన చరిత్ర పుస్తకాల్లో ఆ జిల్లాకి ఒక్క వాక్యం మించి చోటు దొరకలేదు. ఇవాళ అక్కడ అద్దాల మేడలున్నాయి, గేట్లు పెట్టుకున్న కాలనీలున్నాయి, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. 'ఏమీ లేని రాళ్ళగుట్టల్లో సైబరాబాద్ లేచింది' అనే కథ మాత్రం ఊరూరా తిరుగుతోంది. రాళ్ళగుట్టలు నిజమే. ఏమీ లేదన్నదే అబద్ధం.

అత్రాఫె బల్దా నిజాం సొంత భూమి. దాన్ని సర్ఫెఖాస్ అనేవాళ్ళు. అక్కడి శిస్తు సర్కారు ఖజానాకి పోయేది కాదు, నేరుగా నిజాం సొంత ఖజానాకి చేరేది. హైదరాబాదు రాజ్యంలో సుమారు పదోవంతు భూమి ఇట్లా సర్ఫెఖాస్ కింద, దాదాపు మూడోవంతు జాగీర్దార్లు, పైగాలు, సంస్థానాల కింద ఉండేది. మిగిలిందే ఖాల్సా, అంటే దివానీ. 1949లో సర్ఫెఖాస్ దివానీలో కలిసిపోయింది. ఆ ఏడాదే ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. అత్రాఫె బల్దానీ, బాగాత్ జిల్లానీ కలిపి హైదరాబాదు జిల్లా చేశారు. 1978 ఆగస్టు 15న అందులోంచి పట్నం చుట్టుపక్కల భాగాన్ని విడదీసి రంగారెడ్డి జిల్లా అన్నారు. అంటే అత్రాఫ్ మళ్ళీ అత్రాఫే అయింది, పేరు మారింది. ఇందులో ఒక వింత ఉంది. ఆ జిల్లా కలెక్టర్ కచేరీ నాలుగు దశాబ్దాల పైన ఆ జిల్లాలోనే లేదు. పట్నం నడిబొడ్డున లక్డీకాపూల్లో ఉండేది. 2022లో గానీ కొంగరకలాన్‌కి కదల్లేదు. చుట్టుపక్కల నేలని పట్నంలో కూర్చుని ఏలడం సర్ఫెఖాస్ నాటి అలవాటు. అది ప్రజాస్వామ్యంలోకి కూడా వచ్చింది.

పాత పద్ధతి ఊళ్ళ పేర్లలో ఇంకా బతికే ఉంది. మణికొండలో మణికొండ జాగీరు వేరు, మణికొండ ఖాల్సా వేరు. రాయదుర్గంలో పైగా ఉంది, పన్‌మక్తా ఉంది, నౌఖాల్సా ఉంది. బండ్లగూడ జాగీర్ కొన్నేళ్ళు ఒక మున్సిపల్ కార్పొరేషన్ పేరుగా కూడా ఉండేది. నిజాంకి ఫౌజు పోషించే పెద్ద కుటుంబాల భూమి పైగా. కట్టాల్సిన రొక్కం స్థిరంగా ఖాయం చేసి ఇచ్చిన భూమి మక్తా. మెట్రో రైలు దిగి రాయదుర్గంలో కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలు రోజూ ఒక పైగా మీదుగానో, ఒక మక్తా మీదుగానో నడుస్తున్నారు. సేత్వార్, పహాణీ, ఖాస్రా, శిఖం, పట్టా, గుంట - ఈ మాటల్లో కొన్ని మనవే. రైతు ఏ కులం వాడైనా, ఉర్దూ ఒక్క ముక్క రాకపోయినా, తన భూమి గురించి ఈ మాటల్లోనే మాట్లాడతాడు. నేల భాష మనది. నేల మనదా?

ఇక్కడ మన స్నేహితులు కొందరు, లౌకికవాదులు కూడా, ఠక్కున ఒక మాట అంటారు. 'అదంతా నవాబులదే కదా, మీదే కదా!' ఈ మాటని ఊరికే వదలకూడదు. జాగీర్దార్లలో ముస్లింలు ఎక్కువే. కానీ మహారాజా కిషన్ పర్షాద్ జాగీర్దారే, గద్వాల, వనపర్తి సంస్థానాలు హిందువులవే, పల్లెల్లో గడీలు కట్టి వెట్టి చేయించుకున్న దేశ్‌ముఖులు రెడ్లూ వెలమలే. ఇక ముస్లింలలో నవాబు ఎంతమంది? పట్నం చుట్టూ ఉన్న ఊళ్ళలో ముస్లిం అంటే ఎవడు? దూది ఏకేవాడు, మేక కోసేవాడు, గాజులమ్మేవాడు, గుర్రబ్బండి తోలేవాడు, రాయి కొట్టేవాడు, దర్గా దగ్గర ఊదు పట్టే ఫకీరు. వీళ్ళకి జాగీరు సంగతటుంచి మడి కూడా లేదు. ఊరి ముల్లాసాబుకి మాత్రం ఎకరమో, రెండెకరాలో ఇనాం ఉండేది. ఊళ్ళో అన్ని కులాల వాళ్ళ యాటని హలాలు చేసేది ఆయనే, పీర్ల కొట్టం చూసేది ఆయనే, మయ్యత్‌కి నమాజు చదివేది ఆయనే. మాదిగ మాన్యం, నీరటి మాన్యం ఎట్లాంటివో ముల్లా ఇనాం అట్లాంటిదే. పని చేసినన్నాళ్ళు తినమని ఇచ్చిన భూమి. కాగితం మీద అన్నిటికన్నా బలహీనమైన హక్కు అదే.

పట్నం పెరిగినప్పుడు మొదట కూలేది ఆ బలహీనమైన హక్కే.

పెరగడం ఒక్కసారి జరగలేదు. 1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. అరవైల నుంచి రామచంద్రాపురంలో భెల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, ఈశాన్యాన ఈసీఐఎల్ వచ్చాయి. 1974లో గచ్చిబౌలి దగ్గర కేంద్ర విశ్వవిద్యాలయం వచ్చింది. 1975లో హుడా పుట్టింది, మరుసటేడు పట్టణ భూ పరిమితి చట్టం. ఫ్యాక్టరీలతో పాటు కూలి దొరికింది, అది కాదనలేం. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచాక లెక్క మారింది. 2001లో సైబరాబాద్ కోసం వేరే అభివృద్ధి సంస్థ, 2007లో పన్నెండు మున్సిపాలిటీలని కలుపుకుని గ్రేటర్ హైదరాబాద్, 2008లో శంషాబాద్ విమానాశ్రయం. రంగారెడ్డి జిల్లా జనాభా 2001లో 35 లక్షల చిల్లర ఉంటే 2011 నాటికి దాదాపు 53 లక్షలైంది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అంత జనమున్న జిల్లా మరొకటి లేదు. 2023 ఆగస్టులో కోకాపేటలో సర్కారు వేసిన వేలంలో ఎకరం నూరు కోట్లు దాటింది. నూరు కోట్ల ఎకరం పక్కన ముల్లాసాబు రెండెకరాలు ఎట్లా నిలుస్తాయి?

ఆ తాకిడి ఎట్లాంటిదో చెప్పడానికి ఒక్క దర్గా చాలు. హుస్సేన్ సాగర్ ఎవరి పేరు? 1560లలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో ఆ చెరువు కట్టించిన హజరత్ హుస్సేన్ షా వలీది. ఆయన సుల్తాను అల్లుడని కూడా చెప్పుకుంటారు. పట్నానికి ముప్పై ఏళ్ళ ముందే పట్నం చెరువు కట్టినవాడు. ఆయన దర్గా మణికొండ ప్రాంతంలో ఉంది. ఆ దర్గా సేవ కోసం ఇచ్చిన జాగీరు మణికొండ జాగీరు. వక్ఫ్ బోర్డు లెక్క ప్రకారం 1,654 ఎకరాల 32 గుంటలు. ఆ భూమిని సర్కారు తనదంటూ పరిశ్రమల మౌలిక సదుపాయాల సంస్థ ద్వారా పంచింది. ఎమ్మార్, ల్యాంకో హిల్స్ లాంటి పెద్ద ప్రాజెక్టులు ఆ భూమి మీదకే వచ్చాయి.

తగాదా కోర్టుకెక్కింది. 1989 గెజెట్‌లో వక్ఫ్ ఆస్తిగా నమోదైంది 5,506 చదరపు గజాలే. 2006లో వక్ఫ్ బోర్డు సవరణ గెజెట్ వేసి 1,654 ఎకరాలనీ చేర్చింది. అప్పటికే పునాదులు పడుతున్నాయి. 2012లో హైకోర్టు వక్ఫ్ బోర్డు వైపు చెప్పింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు దాన్ని తిరగేసింది. ఈ భూమి సేవ షరతు మీద ఇచ్చిన మష్రూతుల్ ఖిద్మత్ జాగీరు, జాగీర్ల రద్దుతోనే అది సర్కారు పరమైంది, దర్గాకి దక్కేది దాని బదులు ఇచ్చే సొమ్మే, భూమి కాదు - తీర్పు సారం ఇది. 2006 సవరణ కొట్టివేశారు, 5,506 గజాలు మిగిలాయి.

న్యాయశాస్త్రం ప్రకారం తీర్పు సబబా కాదా అని నేను వాదించబోవడం లేదు. జాగీర్ల రద్దుని మనం వ్యతిరేకించలేం. దాన్ని కోరి పోరాడినవాళ్ళలో, నిజాం మీదా జాగీర్దారీ మీదా కలం ఎత్తి 1948 ఆగస్టులో ప్రాణమిచ్చిన షోయబుల్లాఖాన్ మనవాడు. నా అభ్యంతరం వేరే. జాగీరు ఎందుకు రద్దు చేశారు? దున్నేవాడికి భూమి రావాలని కదా. మణికొండ జాగీరులో దున్నినవాడు ఏమయ్యాడు? భూమి జాగీర్దారు చేతిలోంచి సర్కారు చేతికి, సర్కారు చేతిలోంచి కంపెనీ చేతికి పోయింది. మధ్యలో రైతు లేడు, ఫకీరు లేడు. 1949 నాటి సంస్కరణ 2000 తర్వాతి అమ్మకానికి దస్తావేజయింది. నవాబుల్ని చూపించి నవాబుల్లాగే అనుభవించడం అంటే ఇదే.

అట్లాగని నింద మొత్తం సర్కారు మీద వేసి మనం చేతులు దులుపుకోకూడదు. కబరస్తాన్ గోడ జరిపి దుకాణాలు కట్టి కిరాయికిచ్చుకున్న ముతవల్లీలు మనలో లేరా? ఇనాం భూమిని తెల్లకాగితం మీద అమ్మేసి పోయినవాళ్ళు లేరా? పెద్ద జాగీర్దార్ల వారసుల్లో ఎక్కువమంది దేవిడీలు అమ్ముకుని దేశం దాటారు. వాళ్ళు దాటేటప్పుడు మక్తాల్లో పనిచేసిన తమ మతం వాళ్ళని వెంట తీసుకుపోలేదు. 1948 పోలీసు చర్య తర్వాత జిల్లాల నుంచి పట్నానికి పరిగెత్తుకొచ్చిన పేదలకి వీళ్ళ తోటల్లో ఒక మూల కూడా రాసివ్వలేదు.

మరి ఆ పేదలు ఎక్కడికి పోయారు? పట్నం చుట్టూ పెరుగుదల అన్ని దిక్కులా ఒకేలా లేదు. పడమర పెరిగింది పథకంతో. దక్షిణం పెరిగింది భయంతో. 1978 నుంచి 1990 దాకా పాతబస్తీలో కొట్లాటలు ఆగి ఆగి రేగాయి. తెలియని బస్తీలో ఒంటరి ఇల్లు ప్రాణభయం అయింది. పాతబస్తీ ఇరుకైపోయి పహాడీషరీఫ్ వైపు, జల్‌పల్లి వైపు, షాహీన్‌నగర్ వైపు జనం జరిగారు. చాలా ప్లాట్లు నోటరీ కాగితం మీద కొన్నవే, లేఅవుట్ లేనివే. నల్లా కోసం, మోరీ కోసం ఏళ్ళ తరబడి తిరిగారు. పక్కనే కాటేదాన్‌లో ప్లాస్టిక్ కరిగించే కార్ఖానాల్లో కూలి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ వే 2009లో వచ్చింది. విమానాశ్రయానికి పోయేవాడు కింద బస్తీ ముఖం చూడకుండానే పోవచ్చు. అటు పడమర కంపెనీల్లో ఉద్యోగం దొరికిన మన పిల్లవాడు ఇల్లు కిరాయికి అడిగితే, పేరు చెప్పేదాకా ఉన్న ఇల్లు పేరు చెప్పగానే ఖాళీ ఉండదు. వాడి తాత అదే ఊళ్ళో రాయి కొట్టి ఉండొచ్చు.

దళిత మిత్రులతో ఈ విషయం మాట్లాడాల్సింది చాలా ఉంది. అసైన్డ్ భూములు, మాన్యాలు కూడా ఇదే దారిన పోయాయి. అభివృద్ధి అనే మాట ముందు ముల్లా ఇనాం, మాదిగ ఇనాం ఒక్కటే. విడివిడిగా కోర్టుల చుట్టూ తిరుగుతున్నాం.

ఇప్పుడు ఇంకో సమస్య వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల ఊళ్ళలో పీర్ల కొట్టాలు, చిల్లాలు, చిన్న కబరస్తాన్లు చాలావాటికి దస్తావేజుల్లేవు. తరాలుగా వాడుతూ రావడమే వాటి హక్కు. వక్ఫ్ చట్టం దీన్ని 'వాడుక ద్వారా వక్ఫ్' అని ఒప్పుకునేది. 2025లో వచ్చిన సవరణ ఆ మాట తీసేసింది. అప్పటికే రిజిస్టరై ఉన్నవాటిని కదపమంటుంది గానీ, తగాదాలో ఉన్నవి, సర్కారు తనదని చెప్పేవి ఆ మినహాయింపులోకి రావు. హైదరాబాదు చుట్టూ తగాదాలో లేని కబరస్తాన్లు ఎన్ని? ఊరూరా తిరిగి, సేత్వార్ చదవగలిగిన పెద్దవాళ్ళు ఉండగానే, ఆ లెక్క తీయాలి. ఆ రికార్డు ఉర్దూలో ఉంది. మన పిల్లల్లో చాలామందికి ఆ లిపి రాదు.