జపాను యుద్ధవిద్యలు - వాని ప్రయోజనము

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములందు సాయంసమయమున తెల్లని దుస్తులు ధరించి, నడుమునకు రంగుపట్టీలు బిగించి, కరాటే అభ్యసించు బాలబాలికలను మేము తఱచు చూచుచున్నాము. ఈ విద్య యెందులకని యడిగినచో, ఎదిరిని కొట్టుటకని పిల్లలును, పోటీలలో బహుమానములకని పెద్దలును చెప్పుదురు. ఈ రెండును చాలిన సమాధానములు కావని చరిత్ర తెలుపుచున్నది.

పూర్వము జపానులో యుద్ధవిద్యలు సామురాయిలను యోధకులముల సొత్తు. ఖడ్గము, ధనుస్సు, ఈటె వారికి జీవనాధారములు. 1603 మొదలు 1868 వఱకు సాగిన తోకుగావా ప్రభుత్వకాలమున దేశము చాలవఱకు శాంతముగా నుండెను. యుద్ధమే లేనపుడు ఖడ్గవిద్య యేల? ఈ ప్రశ్నతోనే, పరులను చంపుట నేర్పిన విద్య తన్ను తాను జయించుట నేర్పు విద్యగా మాఱసాగెను. పదునెనిమిదవ శతాబ్దమున వెదురుకత్తులును, అభ్యాసకవచములును వాడుకలోనికి వచ్చెను. ప్రాణహాని లేకుండ నిండుబలముతో సాధన చేయుటకు వీలు కలిగెను.

1876లో ప్రభుత్వము సామాన్యముగా ఖడ్గధారణమును నిషేధించెను. ప్రాచీనవిద్యలు నశించునేమో యను ఆ దినములలో, 1882న, ఇరువదిరెండేండ్లైనను నిండని కానో జిగోరో తోకియోలోని యొక బౌద్ధాలయమున, పండ్రెండు చాపలు పట్టు చోట కోదోకాన్ అను శాలను స్థాపించెను. ప్రాచీన జుజుత్సులోని అపాయకరములైన పట్లను ద్వంద్వసాధననుండి తొలగించి, తన పద్ధతికి జూడో యని పేరిడెను. జుత్సు అనగా నేర్పు; దో అనగా మార్గము. బలమును సద్వినియోగము చేయుట, తానును పరులును కలిసి వృద్ధిపొందుట యనునవి యాయన బోధించిన సూత్రములు. ఆయన ఉపాధ్యాయశిక్షణ కళాశాలకు అధ్యక్షుడుగా నుండుట యాదృచ్ఛికము కాదు.

కరాటే జన్మస్థానము వేఱు. ర్యూక్యూ ద్వీపములలో చీనావిద్యల సంపర్కముచే పెరిగిన యీ విద్యను ఇతోసు అను గురువు 1901 ప్రాంతమున బడులలో ప్రవేశపెట్టెను. ఫునాకోషి గిచిన్ అను బడిపంతులు 1922లో తోకియోలో దానిని ప్రదర్శించెను. మొదట చీనాహస్తమని వ్రాయబడిన పేరు, పలుకుబడి మాఱకయే, తరువాత రిక్తహస్తమని వ్రాయబడెను.

ఐనను, మార్గమని పేరిడినంతమాత్రమున విద్య పవిత్రము కాదు. 1930 తరువాత జపాను ప్రభుత్వము ఈ విద్యలను సైన్యాభిమానము నూరిపోయుటకు వినియోగించెను. 1945లో ఓటమి పిమ్మట బడులలో అవి నిషిద్ధములయ్యెను. జూడో 1950లో తిరిగి యనుమతింపబడెను. స్త్రీల విషయమునను అన్యాయమే జరిగెను. కానోగారి గురువునకు మనుమరాలైన ఫుకుదా కేయికో 1953లో అయిదవ శ్రేణి నందెను. స్త్రీలకు అంతకుమించి లేదను ఆచారముచే 1972 వఱకు అక్కడనే నిలువవలసివచ్చెను. 2011లో, తొంబదియెనిమిదేండ్ల ప్రాయమున, అమెరికా జూడోసంస్థవారు ఆమెకు పదవ శ్రేణి నొసగిరి. పరులును తానును కలిసి వృద్ధిపొందవలెనను సూత్రము ఇంటి ఆడబిడ్డకు వర్తించుటకు ఎంతకాలము పట్టెనో చూడుడు!

మనకును సాముగరిడీలు, తాలింఖానాలు కలవు. కోడి రామమూర్తి నాయుడుగారు (మరణము 1942) వంటి బలశాలు లందుండి వెలసిరి. కాని మన కఱ్ఱసామునకు బడిలో చోటిచ్చి, దాని ప్రయోజనమును నూతనకాలమునకు తగినట్లు నిర్వచించువారు తగినంతమంది లేకపోయిరి. కావున అది మిక్కిలిగా ఉత్సవములకును ఊరేగింపులకును పరిమితమైనది. జపానువారినుండి గ్రహింపవలసినది పట్లకంటె నీ పునర్విచారమే.

పిల్లలను ఈ శాలలకు పంపు తల్లిదండ్రులు పట్టీరంగును విచారించుట చాలదు. ఓడినవానిని గురువు ఎట్లు చూచుచున్నాడు? బాలికకును బాలునితో సమానముగా నేర్పుచున్నాడా? విద్య నేర్చిన పిల్లవాడు వీథిలో కలహమునకు మునుపటికంటె వెనుదీయుచున్నాడా? ఈ మూడు ప్రశ్నలకు తగిన యుత్తరము దొరకిన చోట, ఆ విద్య యేదేశమున పుట్టినదైనను మన బిడ్డలకు మేలే చేయును.