స్కేటుబోర్డు విన్యాసములు – పేర్ల చిక్కు

వృక్షజాతులకును, రసాయన పదార్థములకును పేర్లు పెట్టుటకు అంతర్జాతీయ నియమములు కలవు. అట్టి నియమములు లేనిచో ఏమగునో ఒక ఆట చరిత్ర వలన తెలిసికొనవచ్చును.

నాలుగు చిన్న చక్రములు అమర్చిన పలకపై నిలిచి జారు ఆటయే స్కేటుబోర్డింగు. 1950 తరువాతి దశాబ్దమున అమెరికాలోని కాలిఫోర్నియాలో, సముద్రపు అలలపై పలకలతో జారువారి వలన ఇది వ్యాపించినది. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో దీనికి తొలిసారి స్థానము లభించినది.

అలవైపు ముఖముంచి జారుట ‘ఫ్రంట్‌సైడ్’. వీపుంచి జారుట ‘బ్యాక్‌సైడ్’. ఈ మాటలే నేలమీదికి వచ్చినవి. కాని చదునైన నేలపై అల ఏది? అందుచేత అక్కడ ఇవి ఆటగాడు తిరుగు దిశకు గుర్తులైనవి. తిరుగునపుడు రొమ్ము ముందుకు మళ్ళినచో మొదటిది, వీపు మళ్ళినచో రెండవది.

1970 తరువాతి దశాబ్దపు చివర ఫ్లారిడావాసి ఆలన్ గెల్ఫాండు వంపుగోడపై, పలకను చేతితో పట్టకయే గాలిలోనికి లేచెను. ఆతని ముద్దుపేరు ‘ఆలీ’యే ఆ విన్యాసమునకు పేరయ్యెను. 1982లో రాడ్నీ ముల్లెన్ పలక వెనుక కొసను నేలకు కొట్టి, చదునైన నేలపై ఎగురుట సాధించెను. పద్ధతి వేరైనను పేరు ఒక్కటే!

పూర్వము పాదమును పలక అంచు క్రింద చేర్చి తిరుగవేయుటను ‘కిక్‌ఫ్లిప్’ అనెడివారు. తరువాత ముల్లెన్ ఎగురుచునే పలకను దాని నిడివి చుట్టు త్రిప్పెను. తొలుత ‘మ్యాజిక్ ఫ్లిప్’ అనబడిన ఈ విన్యాసమునకే పిమ్మట పాత పేరు అంటుకొన్నది. అసలైన కిక్‌ఫ్లిప్‌ను ‘పాతకాలపు కిక్‌ఫ్లిప్’ అనవలసి వచ్చినది.

ఈ పొరపాట్లు నవ్వు పుట్టించును; మరియొకటి బాధ కలిగించును. గాలిలో ముందరి చేతితో, కాలివ్రేళ్ళ వైపు అంచును పట్టుకొనుటను ‘మ్యూట్’ అనిరి. ఆ మాటకు మూగ అని అర్థము. 1981 ప్రాంతమున దీనిని ప్రచారమునకు తెచ్చిన క్రిస్ వెడల్ బధిరుడు, మూగ కాడు. అయినను ఆ పేరు సుమారు 40 సంవత్సరములు నిలిచినది. 2020లో సుప్రసిద్ధ క్రీడాకారుడు టోనీ హాక్ ఈ సంగతి వెల్లడించి, దానిని ‘వెడల్ గ్రాబ్’ అని పిలువవలెనని ప్రకటించెను.

కావున పేరు చూచి విషయమును నిర్ణయింపరాదు. ఆ పేరు ఎవరు, ఎప్పుడు, ఎందుకు పెట్టిరో విచారింపవలెను. వెడల్‌కు దక్కవలసిన గుర్తింపు అట్టి విచారణ వలననే దక్కినది.