జన్యువుల పద్దు పుస్తకం

డీఎన్‌ఏలోని ఎ, టి, జి, సి అనే నాలుగు రసాయనాక్షరాల వరుసను చదవడం ఒక పని కాగా, ఆ వరుసలో గుర్తించిన ఒక్కొక్క జన్యువు కణంలో ఏం చేస్తుందో తేల్చి తగిన పద్దు కింద చేర్చడం వేరే పని. ఎంజైములను అవి జరిపే రసాయనచర్యను బట్టి నాలుగు సంఖ్యల గుర్తుతో వర్గీకరించే పద్ధతి 1961 నుంచే ఉన్నా, జన్యువుల నుంచి తయారయ్యే ప్రోటీన్లన్నీ ఎంజైములు కావు గనుక అది చాలలేదు. 1993లో అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్రజీవ పరిశోధనశాలకు చెందిన మోనికా రైలీ, ఎషెరీషియా కోలై అనే బాక్టీరియా జన్యువుల్లో అప్పటికి విధి తెలిసినవాటిని శక్తి ఉత్పత్తి, పదార్థాల రవాణా వంటి జీవక్రియలను అనుసరించి పట్టికగా కూర్చారు.

రెండేళ్లకే ఆ పట్టిక అక్కరకు వచ్చింది. స్వతంత్రంగా జీవించే ఒక జీవి పూర్తి జన్యుక్రమం 1995లో మొదటిసారి వెలువడినప్పుడు, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా అనే ఆ బాక్టీరియాకు చెందిన 18,30,137 అక్షరాల్లో 1,743 జన్యువులు ఉన్నట్టు అంచనా వేసిన పరిశోధకులు, రైలీ పద్దులను తమకు తగినట్టు మార్చుకుని 1,007 జన్యువులకు విధులు నిర్ణయించి, మిగిలిన 736 జన్యువులను విధి తేలనివిగా విడిచిపెట్టారు. ఈ నిర్ణయాలకు చాలావరకు ఆధారం ప్రయోగం కాదు, పోలిక: కొత్త జన్యువు వరుస, విధి ముందే తెలిసిన మరొకదాని వరుసను గట్టిగా పోలి ఉంటే రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయనీ, పని కూడా ఒకటే కావచ్చనీ భావించడం.

పోలిక బంధుత్వాన్ని చెప్పగలదే గాని వృత్తికి పూచీ పడలేదు. బాతు కంటి కటకంలోని ఎప్సిలాన్ క్రిస్టలిన్ అనే ప్రోటీన్ నిజానికి లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమేనని 1987లో తేలింది. ఒకే జన్యువు ఒకచోట రసాయనచర్య జరుపుతూ మరొకచోట కటకానికి నిర్మాణ పదార్థం అవుతున్నప్పుడు, దాన్ని ఏ ఒక్క పద్దులో రాసినా సగం సత్యమే రాసినట్టు. పండు ఈగ, ఈస్టు, చిట్టెలుకల జన్యు సమాచార నిధులు కలిసి 1998లో ఆరంభించిన జీన్ ఆంటాలజీ, ప్రోటీన్ చేసే అణుస్థాయి చర్య, అది పాలుపంచుకునే జీవప్రక్రియ, అది ఉండే కణభాగం అనే మూడు విషయాలను విడదీసి, ఒక జన్యువును ఎన్ని పద్దుల్లోనైనా చేర్చే వీలు కల్పించింది. అంతకంటే విలువైనది, ప్రతి నమోదు పక్కనా అది ప్రయోగంలో తేలినదో, పోలికతో ఊహించినదో తెలిపే సాక్ష్యసూచికను చేర్చడం. ఎందుకంటే ఊహను రుజువుగా నమ్మి దాని మీద మరో ఊహను నిలబెడితే ఒక్క తప్పు లెక్కలేనన్ని జన్యుక్రమాలకు పాకుతుంది. మైకోప్లాస్మా జెనిటాలియం జన్యువులపై మూడు బృందాలు విడివిడిగా చేసిన నిర్ణయాలను 1999లో పోల్చి చూసిన స్టీవెన్ బ్రెన్నర్, వాటిలో కనీసం 8 శాతం తప్పు అయి ఉండాలని లెక్కగట్టారు.

1997లో ప్రారంభమైన సీఓజీ వర్గీకరణ ఒక్కొక్క విధికి ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరాన్ని కేటాయిస్తూ, విధి తెలియని జన్యువులకూ ఎస్ అనే అక్షరంతో ఒక పద్దును ఏర్పాటు చేసింది. ఈ శాస్త్ర చరిత్రలో ఇంతకంటే నిజాయితీగల పద్దు మరొకటి లేదు. ప్రాణం నిలవడానికి, తగిన వేగంతో పెరగడానికి అవసరమైనవాటిని మాత్రమే ఉంచి 2016లో ప్రయోగశాలలో రూపొందించిన బాక్టీరియా కణంలో 473 జన్యువులు ఉండగా, వాటిలో 149 జన్యువుల విధి ఏమిటో దాన్ని నిర్మించినవారికే అప్పటికి తెలియదు.