పచ్చికలో పెరిగే గుర్రపు పిల్లల బరువు నిర్వహణ

పచ్చిక బయళ్ళలో మేస్తూ పెరిగే గుర్రపు పిల్లల బరువు వాటి వయసుకు, జాతికి తగినట్లు ఉండేలా మేతను, వ్యాయామాన్ని, ఆరోగ్యాన్ని క్రమబద్ధం చేయడాన్ని బరువు నిర్వహణ అంటారు. పాలు మానిన నాటి నుండి సుమారు మూడేళ్ళ వయసు వరకు దీనికి ప్రాముఖ్యత ఎక్కువ. ఈ కాలంలో ఎముకలు, కీళ్ళు ఇంకా ఏర్పడుతూ ఉంటాయి. కనుక అధిక బరువు, అకస్మాత్తుగా మేత తగ్గించడం రెండూ హాని కలిగిస్తాయి.

ఎదుగుదల

గుర్రపు పిల్ల పుట్టినపుడు పెద్ద గుర్రం బరువులో సుమారు పదోవంతు ఉంటుంది. మొదటి సంవత్సరం పూర్తయ్యేసరికి మూడింట రెండు వంతుల బరువుకు చేరుకుంటుంది. సాధారణంగా 4 నుండి 6 నెలల వయసులో పాలు మాన్పిస్తారు. అప్పుడు ఎదుగుదల మందగించి, తర్వాత వసంతకాలపు లేత గడ్డి తినగానే ఒక్కసారిగా వేగం పుంజుకోవచ్చు. ఇటువంటి ఒడుదుడుకుల కంటే నిలకడైన ఎదుగుదల మేలు.

అధిక బరువు వలన నష్టాలు

* శక్తి అధికంగా ఉన్న ఆహారం, వేగవంతమైన ఎదుగుదల, రాగి, కాల్షియం, భాస్వరం వంటి ఖనిజాల అసమతుల్యత వలన ఆస్టియోకాండ్రోసిస్ వంటి ఎముకల, కీళ్ళ లోపాలు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. ఇందులో వంశపారంపర్యం పాత్ర కూడా ఉంది.
* లామినైటిస్ అనే వ్యాధిలో గిట్ట లోపలి ఎముకను గిట్ట గోడతో కలిపి ఉంచే కణజాలం దెబ్బతింటుంది. తీవ్రమైన దశలో ఆ ఎముక స్థానం తప్పుతుంది. బ్రిటన్‌కు చెందిన షెట్లాండ్, వెల్ష్ వంటి పోనీ జాతులకు ఈ ప్రమాదం ఎక్కువ. తక్కువ మేతతో బ్రతకడానికి అలవాటుపడిన ఈ జాతులు, పాడిపశువుల కోసం పెంచిన రైగడ్డిలో త్వరగా కొవ్వు పడతాయి.

బరువును అంచనా వేయడం

పొట్టను చూసి బరువును నిర్ణయించరాదు. పీచు ఎక్కువగా ఉన్న మేత వలన, లేదా కడుపులో నులిపురుగుల వలన బక్కచిక్కిన పిల్లకు కూడా పొట్ట పెద్దదిగా కనిపిస్తుంది. శీతాకాలపు దట్టమైన రోమాలు పక్కటెముకలను కప్పివేస్తాయి. అందువలన చేతితో తడిమి చూడాలి.

అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో హెన్నెకె, అతని సహచరులు రూపొందించి 1983లో ప్రచురించిన దేహస్థితి కొలమానం ఇందుకు ఉపయోగపడుతుంది. మెడ, మూపు, భుజం వెనుక భాగం, పక్కటెముకలు, నడుము, తోక మొదలు పరిశీలించి 1 (అతి బక్క) నుండి 9 (అతి స్థూలం) వరకు అంకె ఇస్తారు. మధ్యస్థమైన 5లో పక్కటెముకలు కంటికి కనిపించవు, చేతికి సులభంగా తగులుతాయి.

ఛాతీ చుట్టుకొలతను ప్రతి రెండు వారాలకు ఒకసారి ఒకే టేపుతో కొలిచి వ్రాసుకోవాలి. పెద్ద గుర్రాల కోసం తయారైన టేపు పిల్లల అసలు బరువును సరిగా చూపకపోయినా, ఎదుగుదల ఏ దిశలో సాగుతున్నదో తెలుపుతుంది.

మేత నియంత్రణ

* పచ్చికను తాత్కాలిక కంచెతో పట్టీలుగా విభజించి, కొద్దికొద్దిగా మేతకు వదలాలి.
* గడ్డిలో చక్కెరలు ఎండ కాసే కొద్దీ పెరిగి సాయంత్రానికి హెచ్చుగా ఉంటాయి. కాబట్టి లామినైటిస్ భయం ఉన్నవాటిని తెల్లవారుజామున మేపడం మంచిది. అయితే రాత్రి మంచు గడ్డకట్టిన రోజున ఉదయం కూడా చక్కెరలు తగ్గవు.
* మేసే సమయాన్ని మాత్రమే తగ్గిస్తే చాలదు. పోనీలు ఆ కొద్ది గంటలలోనే వేగంగా మేసి లోటును చాలావరకు పూడ్చుకుంటాయి.
* మూతికి చిక్కం కట్టడం వలన మేత తగ్గుతుంది. ఎదిగే పిల్లలకు దీనిని పశువైద్యుని సలహాతో మాత్రమే వాడాలి. నీరు త్రాగగలుగుతున్నాయో లేదో గమనించాలి.
* బరువు పెరిగినపుడు మొదట ధాన్యపు దాణాను తగ్గించాలి. మాంసకృత్తులు, ఖనిజాలు మాత్రం తగ్గకూడదు.

జాగ్రత్తలు

లావెక్కిన పిల్లను పస్తు ఉంచరాదు. పోనీలలో ఆకలి వలన రక్తంలో కొవ్వు ప్రమాదకరంగా పెరిగే హైపర్‌లిపీమియా అనే ప్రాణాంతక స్థితి ఏర్పడవచ్చు. పిల్లలను రోజంతా కొట్టంలో బంధించడం కూడా సరికాదు. స్వేచ్ఛగా తిరగడం వలన ఎముకలు గట్టిపడతాయి. నడక బిగుసుకున్నా, గిట్టలు వేడిగా ఉన్నా, ముందుకాళ్ళపై భారం వేయక వెనుకకు ఒరిగి నిలబడినా వెంటనే పచ్చిక నుండి తప్పించి పశువైద్యునికి చూపించాలి.