రేడియము లెక్క, దేహము లెక్క

కిరణచికిత్స పొంది యింటికి వచ్చినవారికి వేరు కంచము, వేరు చాప యేర్పరచు కుటుంబములు నేటికిని గలవు. కారణమడిగిన, ఆ కిరణములు ఒంటిలో నుండును గదా యందురు. ఈ భయమునకు మూలమైన మాట యొక్క చరిత్రమును మేమిచ్చట కొంత విచారింతుము.

1900 సంవత్సరమున కెనడాదేశమందలి మాంట్రియల్ నగరములో రూథర్‌ఫర్డు పండితుడు థోరియమునుండి వెలువడు వాయువును పరీక్షించుచు, దాని తేజము ఇంచుమించు నిమిషమున కొకసారి సగమగుచుండుట కనిపెట్టెను. సగము, అందులో సగము, మరల నందులో సగము. ఈ కాలమునే అర్ధాయువనుచున్నారు. క్యూరీ దంపతులు 1898లో కనుగొనిన రేడియమునకు అది సుమారు 1600 సంవత్సరములు. కాచినను చల్లార్చినను ఈ లెక్క మారదు. అయితే ఇది పదార్థమునకు చెందిన లెక్క. దేహము లెక్క వేరు.

1901లో బెక్వెరెల్ రేడియపు గొట్టమును అంగీజేబులో నుంచుకొని తిరిగెను. కొన్నాళ్లకు జేబుక్రింది చర్మము కమలి పుండయ్యెను. పియేర్ క్యూరీ బుద్ధిపూర్వకముగనే తన చేతిమీద పరీక్షించుకొనెను. చర్మమును చంపగలది రాచపుండును చంపలేదా యను నాలోచన యట్లు బలపడెను. అది నిజమే యయినది. ఆ చికిత్సవలన బ్రతికినవా రసంఖ్యాకులు.

కాని గొట్టము తీసిన తరువాత పుండు పుట్టుటలోని హెచ్చరికను లోకము చాలకాలము గ్రహింపలేదు. 1948 మొదలు 1960 వరకు ఇజ్రాయేలు దేశమున, ముఖ్యముగ వలసవచ్చిన కుటుంబముల పిల్లలకు వేలకొలదిగ, తలలోని తామర మాన్పుటకై ఎక్స్ కిరణములు ప్రసరింపజేసిరి. వైద్యులను దూషింప మాకు మనసురాదు. గ్రిసియోఫల్విన్ మందు రాకపూర్వ మది పలుదేశములందు వాడుకలోనున్న చికిత్సయే. యంత్ర మాగిన క్షణముననే కిరణము లాగినవి; దేహములో లవలేశమైనను మిగులలేదు. అర్ధాయువను మాటకే యిచ్చట తావులేదు. అయినను 1974లో మోడాన్ ప్రభృతులు అట్టివారిని సుమారు 11000 మందిని పరిశీలించి, మెదడునందును గళగ్రంథియందును కణితులు ఇతరులకంటె నెక్కువగ నున్నట్లు ప్రకటించిరి. నష్టపరిహారపు చట్టము 1994లో గాని రాలేదు! కిరణము జీవకణములోని వంశసూత్రమును త్రెంచును. తప్పుగ నతుకుకొనిన సూత్రము తరువాతి కణములకును సంక్రమించును. మిగులునది కిరణము గాదు, ఈ గాయము.

కావున బయటి యంత్రముతో చికిత్స పొందినవారిని ముట్టినందున నెవ్వరికిని హాని లేదు. మ్రింగించు రేడియో అయొడిన్ సంగతి వేరు. దాని అర్ధాయువు 8 దినములు. వైద్యులు విధించినన్ని నాళ్లు పిల్లలకును గర్భిణులకును ఎడముగ నుండవలెను. కంచములు వేరుచేయుటలో నింత శ్రద్ధగల యిండ్లలోనే చికిత్స కాగితములు చెత్తకుప్ప పాలగుచుండుట మే మెరుగుదుము. ఇరువదియేండ్ల తరువాత మెడలో గడ్డ కనబడినప్పుడు, ఏ భాగమునకు, ఎంత మోతాదు, ఏ సంవత్సరమున అని వైద్యుడడుగు ప్రశ్నలకు సమాధాన మా కాగితములలోనే యుండును.