స్కేట్ పార్కు కట్టాలంటే.. ముందు నేల, తర్వాత నిధులు

పోతిరెడ్డిపల్లి (సంగారెడ్డి): ఒకప్పుడు 9వ నంబరుగా, ఇప్పుడు 65వ నంబరుగా పిలిచే హైదరాబాద్-ముంబయి మార్గపు జాతీయ రహదారి పోతిరెడ్డిపల్లి చౌరస్తా మీదుగా సాగుతుంది. పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడలకు వెళ్లివచ్చే లారీలకు, బస్సులకు ఇదే దారి. సంగారెడ్డి పురపాలక సంఘంలో కలిసిన ఈ ప్రాంతంలో కాలనీలు పెరిగే కొద్దీ పిల్లలు చక్రాల మీద ఆడుకునే చోటు ఎక్కడన్న ప్రశ్న తలెత్తడం సహజం. రహదారి దానికి జవాబు కాలేదు. అందుకు ప్రపంచమంతటా చిన్న పట్టణాలు ఎంచుకుంటున్న మార్గం స్కేట్ పార్కు. దాన్ని ఎలా కడతారు, ఎంత చోటు కావాలి, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నవి తెలుసుకోదగిన విషయాలు.

స్కేటింగ్ రింకు, స్కేట్ పార్కు ఒకటే అన్న అపోహ చాలామందిలో ఉంది. రింకు సమతలంగా ఉంటుంది. చక్రాల బూట్లు తొడుక్కుని తిరిగేందుకు అది ఉద్దేశించినది. హైదరాబాద్ ఇందిరా పార్కులోను, విశాఖపట్నం వుడా పార్కులోను ఉన్నవి ఆ కోవలోవే. ఆ క్రీడలో తెలుగువారికి పేరు కూడా ఉంది. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్య పతకాలు సాధించారు. 2015లో అర్జున పురస్కారం అందుకున్నారు. స్కేట్ పార్కు వేరు. అందులో వాలు గోడలు, గిన్నె ఆకారపు గుంతలు, మెట్లు, ఇనుప కమ్మీలు ఉంటాయి. పలకకు నాలుగు చక్రాలు బిగించిన స్కేట్‌బోర్డు మీద నిలబడి వాటిపైకి ఎక్కడం, దిగడం, ఎగరడమే ఆట.

ఈ ఆట టోక్యో ఒలింపిక్స్‌లో (2021లో జరిగాయి) తొలిసారి చోటు దక్కించుకుంది. అక్కడ మహిళల స్ట్రీట్ విభాగంలో స్వర్ణం గెలిచిన జపాన్ బాలిక మొమిజి నిషియా వయసు అప్పటికి 13 ఏళ్లే. ఏడో, ఎనిమిదో తరగతి పిల్లలు ప్రపంచ వేదికపై నిలవగల క్రీడలు అరుదు.

అడవి పక్క పల్లెలో..

మన దేశంలో చిన్న ఊరికి స్కేట్ పార్కు ఏం చేయగలదో చూడాలంటే మధ్యప్రదేశ్‌లోని జన్వార్‌ను గమనించాలి. పన్నా పులుల అభయారణ్యానికి సమీపంలోని పల్లె అది. ఆదివాసులు, యాదవులు నివసిస్తారు. 2015లో జర్మనీకి చెందిన ఉల్రికే రీన్‌హార్డ్ చొరవతో అక్కడ కాంక్రీటు స్కేట్ పార్కు వెలిసింది. నిధుల కోసం కళాకారులు బొమ్మలు గీసిన స్కేట్‌బోర్డులను వేలం వేశారు. స్వచ్ఛంద కార్యకర్తలు నిర్మాణంలో చేయి కలిపారు. అప్పటికి ఆ ఊరి పిల్లల్లో స్కేట్‌బోర్డు ఎరిగినవారు లేరు. చెప్పులు కూడా లేకుండానే చాలామంది నేర్చుకున్నారు.

ఆ పార్కుకు రెండే నియమాలు పెట్టారు. బడికి వెళ్లనివారికి బోర్డు ఇవ్వరు. బోర్డు కోసం ఆడపిల్ల వస్తే ఆమెకే ముందు ఇవ్వాలి. చూడటానికి చిన్నవిగా కనిపించినా పార్కు నడక మొత్తం వీటిపైనే ఆధారపడింది. ఊరి పెద్దలు గీసిన కులపు గీతలు అరుగు మీద చెల్లలేదు. బోర్డులు తక్కువ, పిల్లలు ఎక్కువ కావడంతో ఇరు వర్గాల పిల్లలూ ఒకే బోర్డును పంచుకోవలసి వచ్చింది. ఆ పార్కులో నేర్చుకున్న ఆదివాసీ యువతి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో భారత్ తరఫున పాల్గొన్నారు. పతకం రాలేదు. అయినా పన్నా జిల్లా పల్లె నుంచి నాన్‌జింగ్ దాకా సాగిన ఆ ప్రయాణం చిన్నది కాదు.

రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ సమీపాన ఖేంపూర్‌లోనూ ఇలాంటి పార్కే ఉంది. 2021లో విడుదలైన 'స్కేటర్ గర్ల్' సినిమా కోసం నిర్మించిన దాన్ని చిత్రీకరణ ముగిశాక కూల్చివేయకుండా ఊరి పిల్లలకే వదిలిపెట్టారు.

పునాదిలోనే అసలు పని

స్కేట్‌బోర్డు చక్రం చాలా చిన్నది. దాని వ్యాసం 5 నుంచి 6 సెంటీమీటర్లు. సైకిలు చక్రం దాటిపోయే గులకరాయి దీన్ని ఒక్కసారిగా ఆపేస్తుంది. బోర్డు ఆగుతుంది, మనిషి ముందుకు పడతాడు. అందుకే ఈ నిర్మాణంలో నున్నదనమే భద్రత. సాధారణ సిమెంటు రోడ్డు వేసే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

మొదట చూడవలసింది మట్టి. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. దానిమీద నేరుగా కాంక్రీటు పోస్తే రెండు, మూడు వానాకాలాల్లోనే పలకలు పగిలి, ఒకదానికొకటి ఎత్తుపల్లాలవుతాయి. రేగడి తగిలిన చోట దాన్ని తవ్వి తీసి, మొరం నింపి, పొరలు పొరలుగా నీళ్లు చల్లి రోలరుతో గట్టిపరచాలి. ఖర్చు తగ్గించుకునేందుకు గుత్తేదారులు మొదట కోత పెట్టేది ఇక్కడే. పైకి కనిపించని పని కదా!

దానిపై ఇనుప కడ్డీల జాలీ పరిచి 5, 6 అంగుళాల మందాన కాంక్రీటు వేస్తారు. ఒంపు గోడలకు ముందుగా వాటి వంపుకు తగినట్లు కోసిన ప్లైవుడ్ చట్రాలు నిలబెట్టి, గట్టి మిశ్రమాన్ని వాటి ప్రకారం చెక్కుతూ రావాలి. పెద్ద పార్కుల్లో యంత్రంతో కాంక్రీటును ఒత్తిడిపై చిమ్ముతారు. వాలు గోడ పైఅంచున సుమారు 6 సెంటీమీటర్ల వ్యాసం గల ఇనుప గొట్టాన్ని కూర్చుతారు. అది గోడ కంటే కొద్దిగా, అదీ అంచు పొడవునా ఒకే తీరుగా, ముందుకు రావాలి. ఎక్కువైతే చక్రం చిక్కుకుంటుంది, తక్కువైతే ఆటగాడికి పట్టు దొరకదు. ఈ పనిలో ఎంతో నేర్పరి అయిన తాపీ మేస్త్రీ కూడా తొలిసారి తడబడతాడు. బెంగళూరుకు చెందిన హోలీస్టోక్డ్ వంటి బృందాలు స్వయంగా స్కేటర్లు కావడం వల్లనే ఈ తేడాలు పట్టుకోగలిగాయి. అనుభవం ఉన్న ఒక్కరినైనా పనిచోట నిలబెట్టుకోవడం మేలు.

సమతల భాగానికి ఒకటి, రెండు శాతం వాలు ఇవ్వాలి. గిన్నె గుంతకు అట్టడుగున నీటి మార్గం తప్పనిసరి. అది లేకపోతే వానాకాలమంతా దోమల కుంట అవుతుంది. పోసిన కాంక్రీటును కనీసం 7 రోజులు, ఎండలు ముదిరితే 10 రోజులు తడిపి ఉంచాలి. కొత్తగా నేర్చుకునేవారికి 3, 4 అడుగుల ఎత్తు గోడలు చాలు.

స్థలం, సొమ్ము

2022లో రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన తెలంగాణ క్రీడా ప్రాంగణాల్లో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ వంటి ఆటలకు చోటు కల్పించారు. మట్టి కోర్టును అవసరమైతే మార్చుకోవచ్చు. కాంక్రీటు గుంతను మార్చలేరు. కాబట్టి స్థలం ఎంపికలో తొందరపాటు తగదు. లేఅవుట్లలో ప్రజావసరాలకు వదిలిన ఖాళీ స్థలాలు ఒక అవకాశం. పార్కు స్థలంలో కాంక్రీటేమిటన్న అభ్యంతరాలు రాకుండా కాలనీవాసుల సమ్మతి ముందే తీసుకోవడం మంచిది. చక్రాల చప్పుడు ఇళ్లకు వినిపిస్తుందన్నదీ మరువరాదు.

నిధుల విషయంలో ఈ ప్రాంతానికి ఉన్న అనుకూలత చాలా ఊళ్లకు లేదు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం రూ. 500 కోట్ల నికర విలువ, రూ. 1,000 కోట్ల టర్నోవరు, రూ. 5 కోట్ల నికర లాభం.. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలని కూడా చట్టం చెబుతోంది. పటాన్‌చెరు నుంచి పాశమైలారం వరకు విస్తరించిన పరిశ్రమల పొగను, వ్యర్థాలను భరించిన ఊళ్లు ఈ మాటను గుర్తుచేయడంలో తప్పులేదు. అయితే చట్టంలోని ఏడో షెడ్యూలు గ్రామీణ, ఒలింపిక్ క్రీడల 'శిక్షణ'ను పేర్కొంటుంది. కనుక కంపెనీలకు ఇచ్చే వినతిలో కట్టడం ఒక్కటే కాక శిక్షకుడి జీతం, బోర్డులు, హెల్మెట్లు, మోకాలి, మోచేతి తొడుగులు కూడా చేర్చాలి.

కట్టిన తర్వాత రోజువారీ పని పెద్దగా ఉండదు గాని, అది ఆగకూడదు. ఉదయం, సాయంత్రం ఇసుక, ఆకులు ఊడ్వాలి. పగుళ్లు కనిపించగానే పూడ్చాలి. వేసవిలో మధ్యాహ్నం కాంక్రీటు కాలిపోతుంది గనుక అప్పుడు మూసివేసి, సాయంత్రాలు దీపాలు వెలిగించాలి. ఆడపిల్లలు రావాలంటే ఆ దీపాలతో పాటు మరుగుదొడ్డి కూడా ఉండాలి. నేల తడిగా ఉన్నంతసేపు ఎవరినీ బోర్డు ఎక్కనివ్వరాదు.