మన్నారు ముత్యపు పారులు: గుత్త, అమాని, కౌలు

గుత్త, అమాని అను మాటలు మన కైఫీయతులు చదివినవారికి క్రొత్తవి కావు. గ్రామపు రాబడిని ముందుగా ఇంత యని యొకనికి విడుచుట గుత్త. సర్కారే తన యుద్యోగులచే రాబట్టుకొనుట అమాని. ఈ రెండు పద్ధతులును నేలను విడిచి సముద్రగర్భమునకు దిగిన చోటు ఒకటి కలదు. సింహళమునకును తమిళదేశమునకును నడుమనున్న మన్నారు సింధుశాఖయే అది. అచ్చట ముత్యపు చిప్పలు పెరుగు రాతిమిట్టలను పారులందురు.

పూర్వము ఈ పారులపై హక్కును రాళ్లతో లెక్కించెడివారు. మునుగువాడు త్వరగా అడుగునకు దిగుటకై యుపయోగించు రాయియే ప్రమాణము. తెలుగువారైన మధుర నాయకులకు, 1658లో తూత్తుకుడి ఒలందాల వశమైన తరువాతను, పన్నులేని రాళ్లు కొన్ని చెల్లుచుండెను. ఈ హక్కు పట్టును పంచుకొనుటకు ఏర్పడినది. పారును కాచుటకు గాదు.

సింహళతీరము 1796లో ఆంగ్లేయుల పాలయ్యెను. ఆ యేడును, తరువాతి రెండేండ్లును ఎడతెగక పట్టు సాగినది. గుత్తదారునకు ఇన్ని పడవలు, ఇన్ని దినములు అని కట్టుబాటు. గడువు తీరిన పిదప పారు ఏమైనను వానికి నష్టము లేదు; కావున లేత చిప్ప, ముదురు చిప్ప యని చూడక ఊడ్చుటయే వానికి లాభము. పారులు వట్టిపోయినవని సమకాలికులే వ్రాసిరి.

19వ శతాబ్దిలో అమాని వచ్చినది. తనిఖీదారు నమూనా చిప్పలను ఎత్తించి, ముత్యములకు వెల కట్టించిన మీదటనే పట్టు ప్రకటింపబడెడిది. పట్టులో రెండు పాళ్లు సర్కారువి, ఒక పాలు మునుగువారిది. ఈ పద్ధతి గుణము సర్కారు స్వామ్యమునందు లేదనియు, 'ఈ యేడు వలదు' అనగల యధికారమునందు కలదనియు మా యభిప్రాయము. అయినను 1838 నుండి 1854 వరకును, మరల 1892 నుండి 1902 వరకును సింహళమున పట్టు లేకపోయెను. చిప్పకు ఆయువు కొలది యేండ్లే. దాని పిల్లలు ప్రవాహమున కొట్టుకొనిపోవును. పెరిగినవానిని ఇసుక కప్పును, చేపలు తినును. పొలమునకు గట్టు వేసినట్లు వీనికి గట్టు వేయ వీలు కాదు.

1905లో ఎనిమిది కోట్లకు పైగా చిప్పలు చిక్కినవి. ఆ యాశతో 1906లో ఒక ఆంగ్ల కంపెనీ ఏటికి 3,10,000 రూపాయల చొప్పున ఇరువది యేండ్లకు పారులను కౌలునకు గైకొనెను. దీర్ఘకాలపు కౌలుదారు పారును సొంత సొత్తువలె చూచునను వాదము పూర్తిగా తప్పు కాదు. కంపెనీ లేత చిప్పలను మంచి పారులకు మార్చి నాటించినది కూడ. కాని 1907 తరువాత దానికి పట్టు దొరకలేదు. 1912లో అది మూతపడెను.

కంపెనీ నష్టమునకు లెక్కలు కలవు. మునుగువారికి మాత్రము ఎన్నడును జీతము లేదు, చిప్పలలో పాలే వారి కూలి. చిప్ప లేని యేడు ఆ పాలును లేదు. తూత్తుకుడి వైపున 1955 నుండి 1961 వరకు ఏటేట పట్టు జరిగి నిలిచిపోయినది. పిదప అచ్చటి మునుగువారు శంఖములకై దిగిరి.